కింది పొరకు చాలని వెలుగు

ఆఖరు పలకలను నేను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నరసరావుపేట తెచ్చాను. అడుగున పాత నూలు చీర ముక్క, దాని మీద అగ్గిపెట్టెంత గాజు పలకలు, పైన మళ్ళీ చీర ముక్క. రైల్లో పక్క సీటావిడ నా ఒళ్ళో ఉన్న డబ్బాను చాలాసేపు చూసి, "స్వీట్లా అమ్మా?" అంది. సోలార్ సెల్స్ అని చెబితే ఆ తర్వాత ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలో నాకు అనుభవమే. అవునండీ, స్వీట్లే అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు కానీ, ఒకటి చేతిలో పెట్టనందుకు దిగేదాకా మొహం ముడుచుకునే కూర్చుంది.

గాజు మీద సిలికాన్ పొరలు పరిచే మెషీన్ మా ఊళ్ళో ఎక్కడుంటుంది? అది నా పీహెచ్‌డీ గైడుగారు పనిచేసే సిటీ లాబ్‌లో ఉంది. ఏడాదికోసారి, ఎవరో వద్దనుకున్న వారంలో, నాకు వంతు దొరికేది. ఈసారి వెళ్ళేసరికి మెషీన్ పక్కన ఖాళీ చెక్కపెట్టెలు పేర్చి ఉన్నాయి. "వచ్చే నెల విప్పేస్తున్నారు మేడమ్. ఈ రకం సిలికాన్ ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు కదా" అన్నాడు దాన్ని చూసుకునే ఆయన. మామూలుగానే అన్నాడు. నేను చేస్తున్నాను కదా అందామనుకుని ఊరుకున్నాను. తెచ్చుకున్న పలకల్లో కొన్ని దారిలోనే బీటలిచ్చాయి, కొన్ని లోపల షార్ట్ అయి ఉన్నాయి, పనికొచ్చేవి రెండు మిగిలాయి. ఇక ఆ రెండే. పోతే ఎక్కడా దొరకవు.

నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీకి చేరాను. చేరినప్పుడు పల్చటి పొరల సిలికాన్ అంటే పేపర్లలో పెద్ద పెద్ద మాటలు రాసేవాళ్ళు. రేపటి సోలార్ అంతా ఇదే అనేవాళ్ళు. నేను క్లాసులు, పరీక్షలు, ఇన్విజిలేషన్లు, పిల్లల జ్వరాల మధ్య దాన్ని లాక్కుంటూ వస్తుండగానే ఆ రేపు వచ్చింది, వెళ్ళిపోయింది. మందపాటి సిలికాన్ పలకలే చవకైపోయి ఊరూరా ఇళ్ళ మీదికెక్కాయి. యూనివర్సిటీ వాళ్ళు గడువు పొడిగించీ పొడిగించీ, ఇదే ఆఖరు అని ఒక కాగితం పంపారు. ఆ కాగితం చూసి నాకు భయం వెయ్యలేదు. ఏదో ఒకటి అయిపోతుంది కదా అనిపించింది.

ఈ చదువు మొదలుపెట్టిన రోజుల్లోనే మా అత్తయ్య నాతో ఒక ఒప్పందం చేసుకుంది. మా ఆయన పొద్దున్నే పిడుగురాళ్ళలో సున్నం బట్టీకి వెళ్ళాలి, పిల్లలు కాలేజీలకు వెళ్ళాలి, నేను వెళ్ళాలి. తెల్లారేసరికి క్యారేజీలన్నీ కట్టి వరసగా గట్టు మీద ఉండాలి. "నీ చదువు అయిందాకా నువ్వు పొయ్యి కాడికి రామాక అమ్మాయ్. నేను చూసుకుంటా. అదయినాక మాత్రం నన్ను ఎవురూ ఆపొద్దు, నేను రొంపిచెర్ల పోతా" అంది. రొంపిచెర్లలో ఆమె చెల్లెలు ఒక్కతే ఉంటుంది. వాళ్ళింట్లో వీధి వైపు ఒక గది ఖాళీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక పూట వండుకుని రెండు పూటలా తిని, మిగతా పొద్దంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తూ ఉండాలని అనుకున్నారు. ఎవరికీ క్యారేజీ కట్టక్కర్లేని ఇల్లు. అదే ఆమె కోరిక, ఇంకేం లేదు.

కాబట్టి నా సెల్ పనిచెయ్యడం మీద నా డిగ్రీ ఒక్కటే ఆధారపడి లేదు.

ఆ సెల్ సంగతి కొంచెం చెప్పాలి. అందులో ఒకదాని వెనక ఒకటిగా రెండు సెల్స్ ఉంటాయి. ఎండ ముందు పై పొరలోకి వస్తుంది. ఆ పొర నీలాన్నీ ఆకుపచ్చనూ తాగేసి, తనకు పట్టని ఎరుపును కిందికి వదిలేస్తుంది. కింది పొర ఆ మిగిలిన ఎరుపుతోనే బతకాలి. చిక్కేమిటంటే ఎరుపు వెలుగు సిలికాన్‌లో ఒకపట్టాన ఇంకదు. పొర మందంగా ఉంటే ఎక్కడో ఒకచోట ఇంకేది. మా పొర వెంట్రుక మందంలో చిన్న తునకంత కూడా ఉండదు. ఎరుపు ఇటు నుంచి వచ్చి అటు నుంచి వెళ్ళిపోతుంది. పైగా రెండింటినీ వరసగా కలిపాం కనుక తక్కువ కరెంటు ఇచ్చేది ఎంతిస్తే మొత్తానికి అంతే. ఇద్దరు మనుషులు బీరువా మోస్తూ మెట్లెక్కుతుంటే, ఓపికున్నవాడు ఎంత తొందరపడి ఏం లాభం, లేనివాడి అడుగే ఇద్దరి అడుగూ. మా సెల్‌లో ఎప్పుడూ కింది పొరే వెనకబడేది.

ఇన్నేళ్ళూ నేను చేసిందల్లా ఆ ఎరుపును కాసేపు ఆపడానికి నానా తంటాలు పడటమే. లోపలికి వచ్చే చోట పూతను గరుకు చేసి వెలుగును ఏటవాలుగా తిప్పి చూశాను. గరుకు ఎక్కువైతే పైన పరిచిన సిలికాన్‌లో పగుళ్ళు వచ్చేవి, తక్కువైతే వెలుగు తిరిగేది కాదు. దీని మీద రెండు చిన్న పేపర్లు రాశాను. ఎవరైనా చదివారో లేదో తెలియదు.

కొలతలు మా డాబా మీదే. కాలేజీలో ఎండలాంటి వెలుగిచ్చే దీపాల పరికరం ఎప్పుడూ రిపేరులోనే ఉండేది, పల్నాడులో ఎండకు మాత్రం ఏనాడూ రిపేరు లేదు. ఒక స్టాండు, మల్టీమీటరు, నెత్తిన తడి తువ్వాలు. పక్కనే అత్తయ్య ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి స్టాండు కదిపేసి, మళ్ళీ మొదటి నుంచీ కొలిచిన రోజులు చాలానే ఉన్నాయి.

మా వైపు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోగానే డాబాలకు సున్నం వేస్తారు. ఇల్లు చల్లగా ఉండాలని శ్లాబు మీద తెల్లగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. మా ఇంట్లో అయితే అది పండగలాంటిది, ఎందుకంటే ఇంటి వ్యాపారమే సున్నం. మా ఆయన బట్టీ నుంచి మంచి గడ్డలు ఏరి తెస్తాడు, డ్రమ్ములో నీళ్ళు పోస్తే అది కుతకుతమని ఉడుకుతుంది, ఉప్పూ జిగురూ వేసి కలుపుతారు. ఆ ఏడూ వేశారు. తర్వాతి రోజు మధ్యాహ్నం నేను స్టాండు పెట్టి కొలిస్తే కరెంటు ఎక్కువ చూపించింది. మల్టీమీటరు బ్యాటరీ అయిపోవస్తే లెక్క తప్పు చూపిస్తుంది, అదే అనుకుని విసుక్కుంటూ కొత్త బ్యాటరీ వేశాను. అప్పుడూ ఎక్కువే. నేల మీద నల్ల దుప్పటి పరిచాను, పడిపోయింది. తీశాను, లేచింది. సెల్‌లోంచి దాటిపోయిన ఎరుపు తెల్లటి శ్లాబు మీద పడి చెదిరి, వెనక నుంచి మళ్ళీ కింది పొరలోకి వెళ్తోంది.

వెనక తెల్లటిది పెడితే వెలుగు తిరిగొస్తుందని ప్రపంచానికంతా తెలుసు. తెల్ల పెయింట్ వేసి చూసినవాళ్ళు నాకంటే ముందే ఉన్నారు. అయినా మండుటెండలో ఆ దుప్పటి తీసి వేసి, తీసి వేసి చూస్తుంటే నాకు వాళ్ళెవరూ గుర్తు రాలేదు. మా సున్నం పనిచేస్తోందనే అనిపించింది. వెనక్కి అంటుకునేటట్టు పూస్తే ఇంకెంత వస్తుందో చూడాలనిపించింది.

డాబాకు వేసే సున్నంలో రవ్వలుంటాయి. మెత్తటిది కావాలంటే మా ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది. అత్తయ్య తాంబూలంలోకి వేసుకునే సున్నం వంటింటి మూల కుండలో, నీళ్ళ కింద, ఏళ్ళ తరబడి నానుతూ ఉంటుంది. పాతబడేకొద్దీ అది వెన్నలాగా అవుతుంది. చీరచెంగు పెట్టి వడగట్టి మరీ దాస్తుంది.

"అత్తయ్యా, మీ సున్నం కొంచెం కావాలి."

"ఆకేస్తావా ఏంది?"

"కాదు, ఈ పలకకి పుయ్యాలి."

"నీ బిళ్ళకి గూడా సున్నమేనా! పుయ్యి పుయ్యి. ఇంట్లో ఇంక దేనికీ పుయ్యలేదు గనక." ఆమె నా సెల్స్‌ని బిళ్ళలనే అనేది. ఒక గిన్నెలో తీసిచ్చి, "చానా మంచిది, మూడు వేసవులనాటిది" అని కూడా చెప్పింది.

మిగిలిన రెండు పలకల్లో ఒకదాని వెనక దాన్ని పల్చగా పూశాను. రెండోదాన్ని పోల్చి చూడటానికి అలాగే ఉంచాను. ఇక్కడ నేను ఒక పని చేశాను. సున్నం గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా తెల్లగా అవుతుందని ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన చొక్కాలు జీవితమంతా దులుపుతూనే ఉన్నాను. ఈ పూత కూడా చేతికి అంటుకుని రాలిపోతుందనీ, పైగా మా దుమ్ము దాని మీద కూర్చుంటుందనీ, పైపై తడి ఆరగానే వెనక ఇంకో గాజుముక్క పెట్టి, చుట్టూ జిగురుతో గట్టిగా మూసేశాను. చాలా పద్ధతిగా చేశాననుకున్నాను. ఇంకో ఊరి మనిషైతే సున్నం జోలికే పోయేది కాదు. పోయినా, అది రాలిపోతుందని ముందే జాగ్రత్తపడేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం కొలిచాను. ఇన్నేళ్ళలో నేను చూడని కరెంటు. నిజమో కాదో తేల్చుకోవడానికి ఎర్ర ఎల్‌ఈడీ దీపం తెచ్చి సెల్ మీద అదనంగా వేశాను. కింది పొరకు ఇంకా ఆకలి ఉంటే, ఎరుపు వెయ్యగానే కరెంటు పెరగాలి. ఎప్పుడూ పెరిగేది. ఈసారి చివరి అంకె కూడా కదల్లేదు. అంకె అంకెలాగే నిలబడింది. కింది పొరకు చాలినంత అందుతోంది. నేను మెట్లు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, "అయిపోవచ్చింది అత్తయ్యా" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి నా మొహం వైపు చూసింది. "నిజంగానా? మళ్ళీ ఏదో ఉందనవుగా?"

"ఇంకేం లేదు. సిటీకి తీసుకెళ్ళి వాళ్ళ పరికరం మీద కొలిపించి, రాసి ఇచ్చెయ్యడమే."

ఆ సాయంత్రం ఆమె అటక మీది సూట్‌కేసు దింపించింది. తుడిచి, ఎండలో పెట్టి, చీరలు మడతలు మార్చి సర్దింది. రొంపిచెర్లకు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. అంతసేపు ఫోన్‌లో మాట్లాడటం, మధ్యలో నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. కొలిపించడానికి గైడుగారు నాకు వచ్చే నెలలో ఒక రోజు ఇచ్చారు. ఇంట్లో అందరం కొంచెం మెత్తబడ్డాం. మా ఆయన, "మన సున్నం సోలార్‌లోకి గూడా ఎక్కిందంటే ఇంక బట్టీకి బోర్డు మార్పించాల్సిందే" అని ఎదురింటి వాళ్ళతో కూడా చెప్పుకున్నాడు.

నెల నిండకముందే అంకె తగ్గడం మొదలుపెట్టింది. ముందు కొంచెం. మబ్బేమో అనుకున్నాను, మబ్బు లేదు. వైర్లు మార్చాను. పలకను తుడిచాను. రోజూ కొంచెం కొంచెం దిగుతూ, ఒక మధ్యాహ్నం ఏమీ లేకుండా పోయింది. పక్కన ఏమీ పుయ్యని పలక మాత్రం తన మామూలు పేద కరెంటు తను ఇస్తూనే ఉంది. ఆ రోజు నేను డాబా మీద మిరపకాయల పక్కన చతికిలబడి, ఆ పలకను రాయి మీద వేసి కొట్టేద్దామా అన్నంత కోపంతో చాలాసేపు కూర్చున్నాను.

కారణం మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనే తెలిసింది. కెమిస్ట్రీ మేడమ్‌కి చెబుతుంటే ఆమె మధ్యలోనే తింటున్న బజ్జీ ఆపి, "వెనక మీకు ఉండేది ఏ పూత?" అంది. జింక్ ఆక్సైడ్ అన్నాను. కరెంటును బయటికి తెచ్చే పూత అదే. "దాని మీద తడి సున్నమా?" అంది. సున్నం గోడ మీద ఆరి, గాలి పీల్చుకుని, తిరిగి రాయి అయిపోతుంది. అప్పుడు దాన్నుంచి ఏ హానీ లేదు. నేను గాలి తగలకుండా మూసేశాను కదా. లోపల అది తడిగానే, ఘాటుగానే ఉండి, జింక్ పూతను మెల్లగా తినేసింది. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని తాంబూలం వేసేవాళ్ళందరికీ తెలిసిన ఊరు ఇది. మా ఇంట్లోనూ తెలుసు. నాకూ తెలుసు. నోటికీ పలకకూ సంబంధం ఉంటుందని తట్టలేదు, అంతే. కెమిస్ట్రీ మేడమ్ నవ్వింది. ఆమె నవ్వడంలో తప్పేమీ లేదు, అయినా ఒక వారం ఆమెతో సరిగా మాట్లాడలేకపోయాను.

గైడుగారికి ఫోన్ చేసి చెప్పాను. "ఇంకొకటి ఉంది కదమ్మా" అన్నారు. "దానికి మామూలు తెల్ల పెయింట్ వెయ్యండి. కొత్తదేమీ కాకపోయినా ఫరవాలేదు. కానీ దీన్ని మొదట ఆరు నెలలు ఏమీ పుయ్యకుండా ఎండలో పెట్టి, ఎంత నిలబడుతుందో చూడాలి. లేకపోతే కమిటీ ఒప్పుకోదు." అంటే మళ్ళీ వర్షాకాలం దాటాలి, మళ్ళీ ఆయన దగ్గర రోజు దొరకాలి, మళ్ళీ రాయాలి. యూనివర్సిటీ గడువు సరిగ్గా సరిపోతుంది, ఒక్క రోజు మిగలదు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పడం కష్టమైంది. ఆమె కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. చెడిపోయిందని చెప్పాను. సున్నం వల్లేనని మాత్రం చెప్పకూడదనుకున్నాను, కానీ మా ఆయన అప్పటికే చెప్పేశాడు. "నా సున్నమే గదూ" అంది. కాదు, నేను మూసెయ్యడం వల్ల అని వివరించాను. ఆమె ఆ వివరమంతా విన్నదో లేదో.

"ఇంకెంత కాలం పడుద్ది?"

"ఇంకో ఏడాది."

చేటలో పప్పును ఒకసారి ఎగరేసి, "సరే" అంది. ఆ మర్నాడు సూట్‌కేసు అటక మీదికి వెళ్ళిపోయింది. ఎవరు ఎక్కించారో నేను చూడలేదు.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ సెల్ మీద నాకు ఆశ పోయింది. పోయిన ఆశను మళ్ళీ తెచ్చుకునే వయసు కూడా పోయింది. ఎదురింటి బాబాయ్ తన డాబా మీద నల్లటి పెద్ద పలకలు పెట్టించి, నన్ను పిలిచి చూపించాడు. "నువ్వు ఈ సబ్జెక్టే గదమ్మా. చూడు, మోసం చెయ్యలేదుగా వాడు?" అన్నాడు. మంచివే బాబాయ్ అన్నాను. నాదెండ్ల వైపు వెళ్తే పొలాల్లో మోటార్ల పక్కన అవే, ఎడ్లపాడు వైపు వెళ్తే గోడౌన్ల మీద అవే. వాటిలో ఒక్కటి కూడా నా రకం కాదు. అవి ఎరుపు కోసం ఇంత అవస్థ పడవు, మందంగా ఉంటాయి, తాగేస్తాయి. బాబాయ్ ఇంట్లో ఏసీ పగలంతా తిరిగేది. నేను మా డాబా మీద తడి తువ్వాలుతో నిలబడి, అగ్గిపెట్టెంత పలక మీద మిల్లీ యాంపియర్లు రాసుకునేదాన్ని.

అప్పుడు నన్ను నడిపింది ఒకటే. ఆ సూట్‌కేసు. ఇది అయిపోతే అత్తయ్య వెళ్ళిపోతుంది, ఆమెను నేనే దగ్గరుండి దింపొస్తాను, ఆ అరుగు మీద కూర్చోబెట్టి వస్తాను అనుకునేదాన్ని. మెట్లెక్కలేక ఆగిన ప్రతిసారీ అదే అనుకున్నాను. ఆమెకు అప్పటికి కుడిచెయ్యి పైకి లేవడం లేదు. అన్నం గిన్నె దింపాలంటే ఎడమచేత్తో పట్టకారు, కుడిచేత్తో గుడ్డ. నేను చెయ్యబోతే, "నీ పని చూసుకో, అయిపోనీ" అని మోచేత్తో తోసేది. నేను కూడా గట్టిగా అడ్డుపడలేదు. నాకూ తొందరగా ఉంది.

వానలు తగ్గాక పెయింట్ వేశాను. హార్డ్‌వేర్ షాపులో కొన్న మామూలు తెల్ల పెయింటే. ఈసారి ఏ గాజూ పెట్టి మూయలేదు. ఈగలు వాలకుండా అన్నం మీద బోర్లించే జాలీ మూత తెచ్చి దాని మీద పెట్టి, పూర్తిగా ఆరేదాకా ముట్టుకోలేదు. కొలిచాను. సున్నం ఇచ్చినంతే ఇచ్చింది, రవ్వంత ఎక్కువే. ఎర్ర దీపం వేశాను, అంకె కదల్లేదు. ఆ అంకెను రాసుకుని, నీడలోకి వచ్చి, తువ్వాలు పిండాను. సంతోషం ఎక్కడా దొరకలేదు. ఒళ్ళు నొప్పులు మాత్రం ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకసారి చెప్పి చూశాను కదా.

సిటీ లాబ్‌లో కొలిచారు. పై పొర ఎంత, కింది పొర ఎంత అని విడివిడిగా చూపించే గీతలు కంప్యూటర్ మీద వచ్చాయి. రెండూ దాదాపు సమానం. గైడుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "రాసెయ్యండమ్మా. ఈ టాపిక్ మీద మా దగ్గర మీదే ఆఖరు థీసిస్" అన్నారు. మెషీన్ ఉన్న చోట ఇప్పుడు వేరే ఏదో ఉంది, దాని చుట్టూ కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. నేను దాని పేరు కూడా అడగలేదు. గడువులోపే రాసి ఇచ్చాను. వైవా కూడా అయిపోయింది. పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న గట్టిగా అడిగాడు, దీనివల్ల ఇప్పుడు ఎవరికి ఉపయోగం అని. నాకు తెలియదండీ అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. అత్తయ్య వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని బీరకాయలు చెక్కు తీస్తోంది. ఎడమచేత్తో. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అయిపోయింది అత్తయ్యా. నిజంగా అయిపోయింది. ఇంక ఏమీ లేదు."

"పాసయ్యావా?"

"అయ్యాను."

"మంచిది తల్లీ." ఆమె నా తల మీద చెయ్యి పెట్టబోయింది. ఆ చెయ్యి అంత పైకి రాక, నా భుజం మీద ఆగింది.

"సర్దుకోండి. ఆదివారం నేనే దింపొస్తా."

"యాడికి?"

"రొంపిచెర్లకి. ఇంకెక్కడికి?"

ఆమె మళ్ళీ బీరకాయ అందుకుంది. "ఆ గది ఇప్పుడు దాని మనవరాలిదమ్మాయ్. కాలేజీ బస్సు వాళ్ళ ఇంటి ముందే ఆగుద్దంట. పిల్ల మంచం, పుస్తకాలు అన్నీ అందులోనే పెట్టారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎప్పటి నుంచి?"

"నీ బిళ్ళ చెడిపోయిందే, అప్పుడే. ఇంకో ఏడాది రాలేనే అని చెప్పా దానికి. గది ఊరికే ఎట్టా ఉంచుద్ది పాపం. పిల్లకి అవసరం గదా."

"ఏడాదైందా? మరి నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదేంది?" నా గొంతు పెద్దదైంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఏడాది పొడుగునా ఆ మెట్లు ఎందుకెక్కాను నేను? ఎవరి కోసం?

ఆమె చెక్కు తీయడం ఆపకుండానే అంది:

"చెబితే ఆపేస్తావని."

నాకు ఏడుపు వచ్చింది, ఏడవడానికి కూడా అలసటగా అనిపించింది. ఆమె చేతిలోంచి కత్తి లాక్కోబోయాను, ఇవ్వలేదు. సరే అని ఇంకో కత్తి తెచ్చుకుని పక్కన కూర్చుని మిగతా కాయలు నేను కోశాను. ఆ పూట పొయ్యి దగ్గర ఇద్దరం నిలబడ్డాం, ఒకరికొకరం అడ్డమొస్తూ. కూరలో ఉప్పు ఆమె వేసిందో నేను వేశానో, మొత్తానికి రెండుసార్లు పడింది. మా ఆయన ఏమీ అనకుండా తిని, మజ్జిగ మాత్రం ఎక్కువ పోసుకున్నాడు.